ఆషాఢంలో రెక్కలు

మా పొలంలో ఇప్పుడు వేరుశెనగ లేదు, సోలార్ పలకలున్నాయి. లీజుకిచ్చాక అటువైపు వెళ్లడం తగ్గించాను. మొన్న ఆవును వెతుక్కుంటూ కంచెదాకా పోతే ఒక కుర్రాడు డ్రోను ఎగరేస్తున్నాడు. పలకల మీద దుమ్మెంత పేరుకుందో చూడ్డానికట. "మనిషి ఎక్కేది గూడా ఉండాదా నాయనా?" అని అడిగాను. "ఎందుకవ్వా, ఎక్కతావా?" అని నవ్వాడు. నేను ఎక్కేదాన్ని కాదు, ఎక్కినాయన పెళ్లాన్ని అని చెప్పాలనిపించింది. చెబితే నమ్మడని ఆవును వెతుక్కుంటూ ముందుకు పోయాను.

మా పెళ్లయిన ఏడాది సంగతి. ఇంజనున్న విమానం పుట్టకముందే ఒక దొర రెక్కలు కట్టుకుని గుట్టల మీంచి గాలిలో జారేవాడని మా ఆయన ఏదో పుస్తకంలో చదివాడు. చదివి ఊరుకునే మనిషైతే ఈ కథే లేదు. వెదురుబద్దలు వంచి, పెళ్లికి మా నాన్న పెట్టిన పంచెలకు గంజి పట్టించి వాటి మీద బిగించి, రాయచెర్లులో మా ఇంటి వెనక పెద్ద గద్దలాంటిదాన్ని తయారుచేశాడు. ముందు దానికి ఇసుకమూట కట్టి గుట్ట మీంచి వదిలాడు. మూట కొంతదూరం దర్జాగా పోయి, తలకిందులై రాళ్ల మీద పడి పగిలిపోయింది. "మూటకి కాళ్లూ చేతులూ ఆడించను రాదు, నాకొస్తాది" అన్నాడు. రెక్కలు బాగుచేసుకుని గాలి కోసం కాచుకున్నాడు. మా వైపు గాలి జోరుగా వీచేది ఆషాఢంలోనే. ఆ నెలలో అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదని కొత్త కోడల్ని పుట్టింటికి పంపేస్తారు. అంటే గాలీ ఉంటుంది, అడ్డుపడే పెళ్లామూ ఉండదు. అంతకంటే మంచి ముహూర్తం ఏముంటుంది?

మా పుట్టిల్లు తిరుమణిలో నేను సంగటి కెలుకుతుంటే మా అన్న ఆ వార్త మోసుకొచ్చాడు. "మీ ఆయన ఈ పొద్దు గుట్ట మీంచి దూకుతాడంట మే!" తెడ్డు అక్కడే వదిలేసి చేలకడ్డంపడి పరిగెత్తాను. పగిలిన ఇసుకమూటే కళ్ల ముందర మెదులుతోంది. గుట్ట మీద మా అత్త అప్పటికే ఒక రెక్క పట్టుకుని కొడుకును తిడుతోంది. ఆషాఢం గుర్తొచ్చి నేను దూరంగానే ఆగిపోయాను. "గుట్టకి గడప యాడుండాది మే? వచ్చి ఆ రెక్క పట్టుకో!" అని అరిచింది మా అత్త.

ఇద్దరం కదలనివ్వకపోతే చివరికి బేరం కుదిరింది. దూకేది పైనుంచి కాదు, కింద ఏటవాలు మీంచి. రెక్కకొక తాడు, మా చేతుల్లో చెరొకటి. గాలికెదురుగా పరిగెత్తాం. ఆయన పాదాలు నేల విడిచాయి. నిజంగా విడిచాయి, నేను చూశాను. అంత సంతోషం ఆయన ముఖంలో పెళ్లిపీటల మీద కూడా చూడలేదు, కాస్త కుళ్లుకున్నాను కూడా. "ఇడిసిపెట్టండి!" అని పైనుంచి కేకేశాడు. కన్నతల్లి వదిలేసింది. నేను వదల్లేదు. రెక్క నా వైపు ఒరిగి, ఆయన్ను తెచ్చి నా పక్కనే దున్నిన చేలో పడేసింది. మోకాళ్లు గీసుకుపోయాయి, వెదుళ్లు విరిగిపోయాయి. ఆయన మన్ను ఉమ్ముకుంటూ నవ్వుతున్నాడు, నేను ఏడుస్తున్నాను.

"నువ్వు ఇడిసిపెట్టింటే తిరుమణిలో మీ ఇంటి ముందర దిగుతాంటి కదే" అని బతికినన్నాళ్లూ దెప్పాడు. బస్సులో దెప్పాడు, మనవళ్ల ముందర దెప్పాడు. మళ్లీ మాత్రం రెక్కలు కట్టలేదు. ఎందుకని ఒకసారి అడిగితే, "కట్టినా నువ్వు ఇడిసిపెట్టవు కదా" అన్నాడు.

పోయిన ఏడు పావగడ ఆసుపత్రిలో ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అప్పుడూ నేను వదల్లేదు. ఈసారి మాత్రం ఏ రెక్కా నా వైపు ఒరిగి ఆయన్ను నా పక్కన దించలేదు.