బండి కింద సుక్క పడలే

పొద్దుగాల ఆరు గంటల పది నిమిషాలకు కిన్వట్‌ల దిగినం. వాన కొడుతుంది. మూడు లారీలు, ఒక కారు, ముప్పై ఒక్క మంది జవాన్లం. వరద డ్యూటీ, తొమ్మిది దినాలు. మకాంకు ఒక బడి ఖాళీ చేసి ఇచ్చిండ్రు. ఒక్కొక్క తరగతి గదిల పదిహేను పదహారు మందిమి పండుకున్నం. తొమ్మిది దినాలు బూట్లు ఆరలే.

అప్పుడు నేను నాయక్ హోదాల ఉంటి, ఫౌజు బండ్ల మెకానిక్‌ను. పింఛనుకు ఇంక పదకొండు నెలలుండె. మా ఊరు కర్ఖేలి, గదే నాందేడ్ జిల్ల. మా అయ్య పరాయోళ్ళ చేన్లల్ల కూలి చేసి బతికినోడు. నేను దేశమంత తిరిగి తిరిగి ఆఖరుకు సొంత జిల్లలనే డ్యూటీ చేసిన. ఇప్పుడు ఊరికి పోతే అందరు మంచు కొండల ముచ్చట చెప్పుమంటరు. నాకు యాదికచ్చేది మాత్రం కిన్వట్, గా కారు ఇంజను. యాదికస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతది.

కారంటే మీరు పెండ్లిళ్ళకు పొయ్యే అసుంటిది గాదు. పచ్చ రంగుది, డీజిల్, టర్బో ఇంజను. ఎనక సీట్లు పీకేసి మందుల డబ్బలు, నీళ్ళ క్యాన్లు పెట్టుకునెటట్టు చేసిండ్రు. టర్బో అంటే పొగ జోరుకు తిరిగే చిన్న పంకా. ఇంజన్లకు గాలి కుక్కుతది. నిప్పోలె కాగుతది. దాన్ని సల్లగుంచనీకె సన్న గొట్టంల కూలంటు, అంటే తియ్యటి మందు కలిపిన నీళ్ళు, తిరుగుతుంటది. కూలంటు తక్కువైతే ఇంజను పని ఖతం.

డ్రైవర్ బోధన్ దిక్కు మనిషి. ముప్పై నాలుగేండ్లు. మాట తక్కువ, చేతులకు ఎప్పుడు తొడుగులే. ఆ ఏడాది నాయక్ అయ్యేది ఉండె. నన్ను ఉస్తాద్ అంటుండె. నాలుగో దినం అచ్చి నా పక్కన కూసున్నడు. బండి దినానికి లీటర్ కూలంటు తాగుతుందట, కింద చూస్తే సుక్క లేదట. షెడ్డు కింద పొడి సిమెంటు మీద నిలబెట్టిన బండి అది. వంగి చూసిన. నిజంగనే సుక్క లేదు.

గీ ముచ్చట మా జట్టుకు పెద్ద, సుబేదార్ సాబ్ చెవుల వడ్డది. ఆయన బండి దిక్కు చూడలే. స్టోర్‌ల కూలంటు డబ్బలు లెక్కవెట్టిండు. ఆరు తెచ్చినం, రెండు మిగిలినయ్. అందరి ముంగట అన్నడు, "జమీన్ సూఖీ హై. తో మాల్ బజార్ గయా." నేల పొడిగుంటే సరుకు బజార్ల అమ్ముకున్నట్టే. గంతే. విచారణ అయిపోయింది. నాందేడ్ క్యాంపుకు రేడియో పోయింది, వాపస్ అచ్చినంక డ్రైవర్‌ను హాజర్ చేస్తం, సామాన్ ఇప్పి తలాషీ తీయాలె అని. దొంగతనం రాత పడితే వాడు నాయక్ అయ్యేది లేదు. నౌకరి ఉంటదో ఊడుతదో గూడ తెల్వదు.

వరదల ఊర్లు మునిగి, అందరు తాగే నీళ్ళకు ఏడుస్తుంటే, బురదల కూలంటు కొనేటోడు ఎవడు దొరికిండో సుబేదార్ సాబ్‌కే తెల్వాలె. 

ఒక్క గంట బండి ఇయ్యున్రి సాబ్, ఇంజను సల్లారినంక చూస్త అన్న. ఇరవై నిమిషాలిచ్చిండు. లోపటి కార్పెట్ ఒత్తి చూసిన, పొడిగుంది. ఆయిల్ కడ్డీ గుంజిన, చాయ తీర్గ తెల్లవడలే, అంటే కూలంటు లోపట ఆయిల్ల కలుస్తలేదు. సైలెన్సర్ కాడ ముక్కు వెట్టిన, ఉత్త డీజిల్ వాసనే. గొట్టాలు, బిగింపులు అన్నీ బాగనే ఉన్నయ్. అసలు కావాల్సింది చేతి పంపు. రేడియేటర్ మూతికి బిగించి గాలి కొడితే, ఎక్కడ పగులుంటే అక్కడ కారుతది. గది మా ఎనక రావాల్సిన వర్క్‌షాప్ లారీల ఉన్నది. లారీ పైన్‌గంగ వంతెన అవుతల నీళ్ళకు ఆగింది. ఇరవై నిమిషాలైనయ్. "కుచ్ మిలా?" ఏమన్న దొరికిందా అన్నడు సాబ్. లేదన్న. ఆయన నవ్విండు.

ఇప్పుడు, పింఛను అచ్చినంక నాందేడ్‌ల పెట్టిన నా గ్యారేజికి అచ్చేటోళ్ళు గూడ గదే తీరు. కింద సుక్క లేదు, నీ పనోడే కూలంటు కొట్టేసిండు అంటరు. అరే, నిప్పు మీద పడ్డ నీళ్ళు నేల మీదికి ఎట్ల అస్తయ్? పెనం మీద నీళ్ళు చల్లి దోశ పోసే ఇండ్లల్ల పుట్టి గూడ గీ మాట సమజ్ గాదా?

తెల్లారి సాబ్ నన్ను గూడ కారుల ఎక్కించిండు. దొంగను కనిపెట్టుకోనుండుమని. కిన్వట్ నుంచి మాండవి దాంక అడవి తొవ్వ, ఎత్తు పల్లం. ఎనక నాలుగు వందల కిలోల నీళ్ళు. ఎత్తు ఎక్కుతుంటే తియ్యటి వాసన అచ్చింది, బెల్లం పాకం మాడినట్టు, కూలంటు కాలిన వాసన. డ్రైవర్ నా దిక్కు చూసిండు. వానికి దినాం అచ్చేదట గా వాసన. చెప్తే ఎవరు ఇన్నరు?

మాండవిల ఆగి బానెట్ లేపిన. కూలంటు అడుగుకు అచ్చింది. టర్బో ఎనక దిక్కున్నది, మీద రేకు కప్పు. చెయ్యి పోదు, చూపు పోదు. తిరుగు టైం తొమ్మిదిన్నర. పదిహేను నిమిషాలు చేతిల ఉన్నయ్. అక్కడొక ట్రాక్టర్ నడిపే పెద్దమనిషి చూసి ఇంట్లకు పోయి దోసెడు పసుపు తెచ్చిండు.

నవ్వకున్రి. మా దిక్కు పసుపు పండుతది. వేలు తెగితే పసుపు, కాలు బెణికితే పసుపు, ట్రాక్టర్ రేడియేటర్ కారినా పసుపే. పొడి పోయి సందుల ఇరుక్కొని బందు చేస్తది. కర్ఖేలిల నా కండ్లతోని వంద సార్లు చూసిన. టర్బో సన్న గొట్టంల పసుపు అడ్డం పడితే కూలంటు తిరగక ఇంజను కాగుతదని ఇరవై రెండేండ్లు ఫౌజుల సదువుకున్నది గూడ నేనే. అయినా మగ్గుల కలిపి పోసిన. కారుడు బందైతే డ్రైవర్ బతుకుతడనుకున్న.

కారుడు బందైంది. దినమంత తిరిగి మాపటీలి నాలుగు గంటలకు కిన్వట్‌ల చూస్తే కూలంటు గీత కాడనే ఉంది, ఒక్క బొట్టు తగ్గలే. సుబేదార్ సాబ్ అచ్చి చూసిండు. అందరిని లైన్ల నిలవెట్టిండు. మెకానిక్ పక్కన కూసున్న దినం కూలంటు పోలేదు, ఇంక ఏం సాక్ష్యం కావాలె అన్నడు.

నేను చేసిన మందు వాని మెడకు ఉరైంది.

పసుపు ముచ్చట నేను బయటవెట్టలే. చెప్తే సర్కారు బండిల పసుపు పోసిన తప్పు నాది. పదకొండు నెలల్ల పింఛను.  డ్రైవర్ నా దిక్కు ఒక్కసారి చూసి, తల తిప్పుకున్నడు. పసుపు ఏసింది ఉస్తాదే అని వాడు గూడ చెప్పలే. సాబ్ మీద కోపం ఒక ఎత్తు, నా మీద నాకున్న కోపం ఒక ఎత్తు.

తెల్లారి డ్రైవర్‌ను ఒక్కణ్ణే పంపిండు. ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు రేడియోల డ్రైవర్ గొంతు పలికింది. నేను సెట్టు పక్కనే ఉన్న. "కిన్వట్, కిన్వట్. సుయి లాల్ మీదికి పోయింది, ఇంజను కాగింది. కూలంటు మళ్ళ దిగింది. మాండవికి నాలుగు కిలోమీటర్ల ఇవుతల ఆగిన. ఓవర్."

"ఫిర్ అకేలా, ఫిర్ గాయబ్," అన్నడు సాబ్. ఒక్కడే ఉంటే మళ్ళ మాయమైతుందట.

"సాబ్, పసుపు ఏసింది నేను," అన్న. "నిన్న కారుడు ఆపింది గదే. ఇయ్యాల ఇంజను కాగవెట్టింది గూడ గదే. తప్పు రాస్తే నా మీద రాయున్రి. వాడు దొంగ గాదు."

సెట్టు ఆడించేటోడు చెవుల మీది నుంచి హెడ్‌ఫోన్ తీసిండు.  సాబ్ నా పేరు, నంబరు రాసుకున్నడు.

పదకొండు గంటలకు వంతెన దాటి వర్క్‌షాప్ లారీ అచ్చింది. కారును గుంజుకచ్చినం. మూడు గంటలు సల్లారనిచ్చిన, ఈసారి ఎవని మాట ఇనలే. రేకు కప్పు ఇప్పిన. పంపు బిగించి పదిహేను పౌండ్లు గాలి కొట్టిన. పంపు ముల్లు మెల్లగ దిగుతుంది. గడ్డం చేసుకునే అద్దం టర్బో ఎనకకు పెట్టి టార్చ్ కొట్టిన. సన్న గొట్టం బోల్టు కాడ రాగి వాషర్ చీలింది. గా చీలిక నుంచి కిందికి, పెండ్లి గడపకు పూసినట్టు, పచ్చటి పసుపు చార. చూస్తుండంగనే ఒక బొట్టు ఊరి, టర్బో మీద పడింది. ఇంజను కాగినప్పుడైతే గా బొట్టు అక్కడనే ఆవిరైతది, నేల దాంక రానే రాదు.

సుబేదార్ సాబ్ చేతికి అద్దమిచ్చిన. వంగి చూసిండు. మస్తు సేపు చూసిండు. "ఠీక్ హై. వాషర్ బదల్ దో," అన్నడు. గంతే. ఆరుగురి ముంగట దొంగ అనలే, ముప్పై మంది ముంగట అన్నడు. తప్పైంది అని ఒక్కని ముంగట గూడ అనలే. తలాషీ వద్దని నాందేడ్‌కు మళ్ళ రేడియో చేయున్రి సాబ్ అన్న. అది ఆఫీసోళ్ళు చూసుకుంటరన్నడు. నేను వాషర్ మార్చిన, మూడు సార్లు నీళ్ళు పోసి పసుపు కడిగిన. మిగిలిన దినాలు ఒక్క బొట్టు తగ్గలే.

తర్వాత నాకు తప్పు రాసిండ్రు, ఏడు దినాల అదనపు డ్యూటీ. పింఛనుకు ఏం గాలే. డ్రైవర్ మీది కాయితం కొట్టేసిండ్రు గని, నాయక్ పట్టీ ఏడాది ఆలస్యంగ అచ్చింది. ఎందుకని అడిగితే చెప్పినోడు లేడు.

తొమ్మిదో దినం మాపటీలి నాలుగు గంటలకు నాందేడ్ క్యాంపుల దిగినం. వాన ఎలిసింది. గేటు కాడ గార్డు లిస్టు చూసి డ్రైవర్‌ను పక్కకు పిలిసిండు. తలాషీ హుకుం ఎవరూ రద్దు చేయలే. నేను ఉరికి పోయి చెప్పిన, బండిల బోల్టు చూపెడత రమ్మన్న. గార్డు పై ఆర్డర్ కావాలన్నడు. తడి నేల మీద వాని పరుపు ఇప్పిండ్రు. రెండు జతల బట్టలు, ఒక స్టీలు పళ్ళెం, సబ్బు. తర్వాత, ఎవరూ అడగకముందే, డ్రైవర్ చేతులకున్న తొడుగులు తీసి రెండు అరచేతులు ముంగటికి చాపిండు.

తోలు ఊడింది. వేళ్ళ సందుల ఎర్రగ పుండ్లు. ఇంజను సల్లారనీకె టైం ఎవరిచ్చిండ్రు? కాగుతున్న మూత దినాం చేతులతోనే తిప్పి కూలంటు పోసిండు. నేను గా బండిల ప్రతి గొట్టం, ప్రతి బోల్టు చూసిన. వాని చేతులు చూడలే. పండుకుంటే ఇప్పటికీ గవే కనవడుతయ్.

గార్డు చేతుల దిక్కు చూసిండు. పుస్తకం తెరిసి, ఏం దొరకలే అని రాసుకున్నడు.