సెంగా చీటీలో వచ్చిన ఇల్లు

నలభై ఎనిమిదో ఏట సెంగా పేట్రీకి చేపల షెడ్డులో పని పోయింది. బడి మానేసిన నాటి నుంచి స్కాట్లండ్‌లోని ఆర్‌బ్రోత్ రేవు పక్కన హాడక్ చేపల్ని తోకలకు తాడు కట్టి, జంటలుగా పొగలో వేలాడదీయడమే ఆమె పని. షెడ్డు మూతపడ్డాక ఉపాధి ఆఫీసువాళ్ళు కంప్యూటర్ నేర్చుకోమన్నారు. ఆ వివరాలు కనుక్కుందామని మా ఊరి ప్రభుత్వ కాలేజీకి వచ్చి, గది వెతుక్కుంటూ దారి తప్పింది.

మేం సామాజిక శాస్త్రాల మొదటి సంవత్సరంలో ఉన్నాం. పేదవాళ్ళు పేదవాళ్ళుగానే ఎందుకు ఉండిపోతారన్న దాని మీద ఆ రోజు క్లాసులో పెద్ద గొడవ జరుగుతోంది. తడిసిన కోటుతో ఒక పొట్టి మనిషి తలుపు దగ్గర నిలబడి వింటోంది. పాఠం చెబుతున్న గెడెస్ మాస్టారు ఆమెను చూశారు.

"లోపలికైనా రండి, తలుపైనా వేసెయ్యండి. గాలి కోసేస్తోంది."

"నేను కంప్యూటర్ క్లాసుకొచ్చానండీ."

"అది పై అంతస్తు."

సెంగా కదల్లేదు. ముందు వరసలో కూర్చున్న ఒకతన్ని వేలెత్తి చూపించింది. "బద్ధకం వల్లే పేదవాళ్ళవుతారంటున్నాడు ఈయన. ఆ మాట నా మొహం చూసి ఇంకోసారి అనమనండి, వెళ్ళిపోతా."

అతను మళ్ళీ అనలేదు. ఆమె వెళ్ళనూ లేదు. ఆ వారంలోనే మా క్లాసులో చేరిపోయింది.

చేరడం తేలికే గానీ చదవడం ఆమెకు కష్టమైంది. మొదటి వ్యాసంలో ప్రతి పేరాకీ "ఇది అందరికీ తెలిసిందే" అని రాసింది. గెడెస్ మాస్టారు ప్రతిచోటా పక్కన "ఎవరికి తెలుసు? ఎలా తెలుసు?" అని రాసి, వ్యాసం తిప్పి ఇచ్చేశారు. క్యాంటీన్లో టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఆయన్ని తిట్టిపోసింది. "ఇన్నేళ్ళు కళ్ళారా చూసినదాన్ని, నాకెలా తెలుసని అడుగుతాడా!" ఆ తర్వాత వారం అంతా లైబ్రరీలో కూర్చుని అదే వ్యాసం మళ్ళీ రాసింది. ఈసారి గట్టెక్కింది.

అంతకంటే పెద్ద చిక్కు, ఆమెకు వినడం రాదు. మనుషుల్ని ప్రశ్నలడిగి సమాచారం రాబట్టడం మా చదువులో ముఖ్యమైన భాగం. సాధన కోసం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "మీ పక్కింటివాళ్ళతో మాట్లాడతారా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే, "మాట్లాడరులే, మీ మొహమే చెబుతోంది" అని రాసేసుకుంది.

గెడెస్ మాస్టారు తల పట్టుకున్నారు. "సెంగా, అడగండి, ఆగండి. వాళ్ళు చెప్పింది తప్పే అనుకోండి, అయినా వాదించకండి. అక్కడ మీకు వాదించే పని లేదు."

వసంతంలో అసలు పని వచ్చింది. ఒకే వీధిలో ఉండేవాళ్ళు ఒకరితో ఒకరు ఎంత మాట్లాడుకుంటారో ఎవరి పేటలో వాళ్ళు కనుక్కోవాలి. ఏయే ఇళ్ళకు వెళ్ళాలో చీటీలు తీసి తేలుస్తారు. "నచ్చిన ఇళ్ళకే వెళ్తే నచ్చిన జవాబులే వస్తాయి" అన్నారు మాస్టారు. సెంగా తీసిన చీటీల్లో ఒకదాన్ని చూడగానే ఆమె మొహం మాడిపోయింది.

"దీని బదులు ఇంకోటి తీసుకుంటా."

"ఎందుకని?"

"ఆవిడ జవాబు చెప్పదు."

"అడక్కముందే ఎలా తెలుసు?"

సెంగా చీటీ జేబులో వేసుకుంది. ఆ ఇల్లు ఆమె అక్క లోర్నాది. ఒకే వీధికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. మూడేళ్ళుగా మాటల్లేవు. తల్లి పోయిన వారానికే లోర్నా ఆమె బట్టలన్నీ, చెల్లెలికి ఒక్క మాటైనా చెప్పకుండా, విరాళంగా వచ్చిన పాత వస్తువులు అమ్మే ఛారిటీ షాపుకి ఇచ్చేసింది. సెంగా నడివీధిలో నిలబడి అక్కని నానా మాటలూ అంది.

శనివారం వానలో వెళ్ళి తలుపు కొట్టింది. లోర్నా తీసింది.

"ఏంటి?"

"కాలేజీ నుంచి వచ్చానండీ. కొన్ని ప్రశ్నలున్నాయి. మీకిష్టమైతేనే జవాబు చెప్పండి."

"మీరా? నీకేమైనా పిచ్చి పట్టిందా, సెంగా?"

"ఇష్టం లేకపోతే కారణం కూడా చెప్పక్కర్లేదండీ."

లోర్నా ఆమెను కిందనుంచి పైదాకా చూసింది. "నువ్వు కాలేజీకెళ్తున్నావంటే ఎవరో జోకేశారనుకున్నా. రా లోపలికి. కార్పెట్ తడిపావంటే ఊరుకోను."

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. సెంగా కాగితం చూసి చదవడం మొదలుపెట్టింది.

"ఈ వీధిలో మీరు ఎక్కువగా ఎవరితో మాట్లాడతారు?"

"ఎదురింటి ముసలాయనతో. ఆయనకి చెవుడు."

"మాట్లాడటం మానేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"నా ఎదురుగానే కూర్చుంది. రాసుకో."

"ఎందుకు మానేశారో చెప్పగలరా?"

లోర్నా కిటికీ వైపు తిరిగింది. సెంగాకి నాలుక చివర మాటలు ఊరుతున్నాయి. పెన్ను కొరుకుతూ ఆగింది.

"ఆఖరి ఏడాదంతా అమ్మని చూసుకున్నది నేను," అంది లోర్నా చివరికి. "తను పోయాక కూడా బీరువా తెరిస్తే చాలు, ఆ వాసన. పిలుస్తున్నట్టే ఉండేది. 'వస్తున్నానమ్మా' అని పైకే అనేసేదాన్ని. ఖాళీ గదిలో! ఇంకో వారం ఆ బట్టలుంటే నాకు పిచ్చెక్కేది. నీకు చెబుదామనే అనుకున్నా. చెబితే వద్దంటావు. నువ్వు వద్దంటే నేను ఇవ్వలేను."

మూడేళ్ళుగా సెంగా అక్కతో అనాల్సినవన్నీ మనసులో పేర్చుకుంటూనే ఉంది. వాటిలో ఒక్కటీ అనలేదు. మొదట మాస్టారు చెప్పారు కాబట్టి ఆగింది. తర్వాత, అనడానికి వాటిలో ఏమీ మిగల్లేదు. ఎందుకిచ్చేశావని తాను ఎన్నోసార్లు అరిచింది గానీ, అడిగి జవాబు కోసం ఆగడం ఇదే మొదటిసారి.

కాగితం మీద ఆఖరి ప్రశ్న చదివింది. "మీరింకేమైనా చెప్పాలనుకుంటున్నారా?"

"ఆఁ. టీ తాగుతావా?"

లోర్నా కెటిల్ పెట్టి, మాంసం కూరిన బ్రైడీ పఫ్‌లు రెండు వేడిచేసింది. సెంగా కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది.

"అమ్మ ఆకుపచ్చ కోటు నాకు కావాలనుండేది, లోర్నా."

"ఆ ముక్క అప్పుడే చెప్పాల్సింది."

"చెప్పలేదు. అరిచాను."

"అరిచావు. వీధంతా విన్నారు. ఆ చెవిటాయన కూడా విన్నాడు."

ఇద్దరూ పకపకా నవ్వారు. నవ్వుతూనే లోర్నా ఏడ్చింది.

సోమవారం సెంగా జరిగిందంతా చెబితే గెడెస్ మాస్టారు కళ్ళజోడు తీసేశారు. "మీ అక్కా? ముందే చెప్పొద్దూ? సొంతవాళ్ళ జవాబులు లెక్కలోకి రావు. తీసెయ్యాలి."

"తీసెయ్యండి. ఇంకో చీటీ ఇవ్వండి," అంది సెంగా, నవ్వాపుకుంటూ.

కొత్త చీటీలో వచ్చిన ఇంట్లో కుక్క ఆమె ప్యాంటు చింపింది. అయినా పని పూర్తిచేసింది. జూన్‌లో మా అందరితో పాటు పాసైంది. తన మార్కుల్ని మా చేత గట్టిగా చదివించుకుంది.

ఆ తర్వాత దగ్గర్లోని డండీ నగరంలో యూనివర్సిటీలో చేరి, ఇప్పుడు రైల్లో వెళ్ళొస్తూ డిగ్రీ చదువుతోంది. ముసలివాళ్ళను ఇంట్లో ఒంటిచేత్తో చూసుకునేవాళ్ళ మీద ఏడాదిగా పని చేస్తోంది. ఆ ముసలివాళ్ళు పోయాక వీళ్ళ సంగతి ఎవరూ అడగరట. ఊళ్ళో అలాంటివాళ్ళను వెతికిపెట్టేది లోర్నాయే. బుధవారాల్లో వాళ్ళంతా చర్చి హాలులో కలుసుకుంటున్నారు. మొన్న నేను కుర్చీలు వేయడానికి వెళ్ళాను. వచ్చినవాళ్ళకు తెచ్చిన కుర్చీలు చాలలేదు.