కోయని ఆలుగడ్డ

ఇరవై ఏళ్ల కిందట, కొల్లాపూర్ నుంచి నాగర్‌కర్నూల్ వెళ్లే బస్సులో, పెరట్లో నాటడానికి కొన్న ఆలుగడ్డలకు వచ్చిన మొలకలు గిల్లేస్తూ కూర్చున్నాను. పక్క సీటులోని పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది.

"మొలకలు గిల్లితె ఇంగేం మొలుస్తది బిడ్డా? ముక్కకొక కన్ను ఉండేటట్టు కోసి, కోసినకాడ పొయ్యిల బూడిద రుద్దాలె. లేకుంటె మురుగుతది."

ఒక గడ్డ తీసుకుని, బూడిద ఉన్నట్టే బొటనవేలితో మెల్లగా రుద్ది చూపించింది. ఆ వేలు మధ్యలోనే ఆగిపోయింది.

"మా ఇంట్ల ఆయన కోస్తుండె, నేను బూడిద రాస్తుంటి. పొద్దుగాల ఆయన బూడిదనే సోమశిల కాడ కృష్ణల కలిపొచ్చిన."

దిగేటప్పుడు ఆ గడ్డను నా చేతిలో పెట్టింది.

మిగతావన్నీ ఆమె చెప్పినట్టే కోసి, బూడిద రాసి నాటాను. ఆ ఒక్కదాన్నీ కోయకుండానే నాటాను.