పెద్దవ్వ గోడకున్న కన్నం

ఆ రోజుల్లో నాకు గాలి మీద పగ ఉండేది. సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో చలికాలపు గాలి ఇసుకను వెంటేసుకుని కిటికీ సందుల్లోంచి దూరి, దుప్పటి కింద ఉన్న మనిషిని వెతికి మరీ వణికిస్తుంది. పైగా అది ఉద్యోగాలు ముందు స్థానికులకే అనే నితాఖత్ కాలం. మా చిన్న మెయింటెనెన్స్ కంపెనీ ఎర్ర రంగులో పడింది (సౌదీలు తక్కువ, మాలాంటివాళ్లు ఎక్కువ అని), దానికి తోడు తలకింత అని లెవీ. వారానికొకరు పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి పోతున్నారు. జగిత్యాల నుంచి వచ్చి ఏడాదైనా నిండని నాదే తర్వాతి వంతని అందరికీ తెలుసు.

"ఒక్క పనన్న సక్కగ జేసి సూపియ్యిరా, కఫీల్‌కు నేను జెప్తా," అన్నాడు మేస్త్రి అన్న, మా వీసాలకూ కంపెనీకీ యజమాని అయిన ఆ కఫీల్ వాళ్లమ్మ ఉండే పాత ఇంట్లోకి చలి, దుమ్ము రాకుండా చేసే పని నాకు అప్పగిస్తూ.

ఆమెను మేం మాలో మేం పెద్దవ్వ అనుకునేవాళ్లం. నేను ఊదుబత్తి వెలిగించి కిటికీల వెంబడి నడిచాను. పొగ వంగిన చోటల్లా సందున్నట్టే. అక్కడ సిలికానో, రబ్బరు పట్టీనో. పెద్దవ్వ ముసుగులోంచి కాసేపు చూసి, నా పొగ చాలదనుకుందేమో, సాంబ్రాణిలా బుఖూర్ వేసే తన చిన్న కుంపటి తెచ్చిచ్చింది. ఇక ఇద్దరం పొగ వెనకాల తిరగడమే పని. అది ఎటు తిరిగితే అటు నేను "ఇగో, ఈడ!" అని తెలుగులో, ఆమె ఏదో అరబ్బీలో. చివరికి ముందు గది గోడకు పైన, జాలీ వేసిన అరచేయంత కన్నం కనిపించింది. "లా, లా!" అంటూ ఆమె వద్దని చేతులూపింది. ముసలావిడకేం తెలుసు అనుకుని, ఆమె నమాజుకు వెళ్లగానే దానికి ప్లాస్టర్ కొట్టేశాను (తెలివి మరి!).

సాయంత్రం కఫీల్, మేస్త్రి అన్న చూడడానికి వచ్చారు. తలుపులేసి కొవ్వొత్తి వెలిగిస్తే మంట కదల్లేదు. కఫీల్ మెచ్చుకున్నాడు. బొగ్గుల కుంపటి మీద గహ్వా, అదే అరబ్బీ కాఫీ, పెట్టుకుని కూర్చున్నాం. కాసేపటికి కఫీల్ తల పట్టుకున్నాడు. మేస్త్రి అన్న ఆవలింతలు మొదలుపెట్టాడు. నా పనితనం వివరిద్దామని లేచిన నేను నేరుగా ఖర్జూరాల పళ్లెంలో కూలబడ్డాను.

చప్పుడు విని వచ్చిన పెద్దవ్వ తలుపులన్నీ బార్లా తీసి, మమ్మల్ని బయటికి నెట్టింది. బొగ్గుల విషవాయువు పోయే దారిని నేను చక్కగా మూసేశాను. నలుగురి ప్రాణాలు నా ప్లాస్టర్ కింద ఉన్నాయని అప్పుడర్థమైంది.

"నీ ఎగ్జిట్ నువ్వే కొట్టుకున్నవ్ గదరా!" అన్నాడు మేస్త్రి అన్న.

ఆమె నా చేతే ఆ కన్నం తిరిగి తవ్వించి, కింద బుఖూర్ పెట్టింది. తలుపు కింది సందులోంచి వచ్చే గాలికి పొగ లేచి, తిన్నగా పైకి పోయి బయటపడింది. నేను నోరు తెరుచుకుని చూశాను. వచ్చే గాలికో దారి, పోయే గాలికో దారి. అంత సులువైన సంగతి! కఫీల్ నా వైపు వేలు చూపించి ఏదో గట్టిగా అన్నాడు. పెద్దవ్వ అంతకన్నా గట్టిగా బదులిచ్చింది.

మేస్త్రి అన్న నవ్వాపుకుంటూ చెప్పాడు: "ఇంట్ల సందులన్ని ఏడేడున్నయో వీనికొక్కనికే ఎరుకనట. వీణ్ణి పంపితే ఎవడు దేవులాడుతడు అంటుంది."

అలా ఉండిపోయాను, ఇంకా ఆరేళ్లు. ఆ ఇంటికి ఎప్పుడెళ్లినా పెద్దవ్వ ముందు కన్నం చూపించేది, తర్వాతే నీళ్లిచ్చేది.

ఇప్పుడు జగిత్యాలలో ఏసీ వేసినా ఒక కిటికీ వేలెడు తెరిచే ఉంచుతాను. "సల్లగాలంత బయటికి వోతుంది, గా కిటికి మూయున్రి!" అంటుంది మా ఆవిడ. గాలి మీద పగబట్టి ఊదుబత్తి పట్టుకు తిరిగిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. పెద్దవ్వ ఉందో లేదో తెలియదు. ఆ కన్నాన్ని మాత్రం నాలాంటి తెలివైనవాడెవడూ మూయకుండా ఉంటే చాలు.