మంగళవారం క్యూలో మా అమ్మమ్మ

క్యూలో నిలబడడంలో ప్రపంచ పోటీలు పెడితే మొదటి బహుమతి మా అమ్మమ్మదే. రెండో బహుమతీ ఆవిడదే, ఎందుకంటే బహుమతులు పుచ్చుకునే క్యూలో కూడా ముందుండేది ఆవిడే. మూడోదాని సంగతి నన్నడక్కండి, దానికింకా క్యూ మొదలవలేదు.

కొందరికి నిద్రలో నడిచే అలవాటుంటుంది. మా అమ్మమ్మకు నలుగురు ఒకరి వెనక ఒకరు కనిపిస్తే ఐదో మనిషిగా చేరిపోయే అలవాటు. ఆ క్యూ దేనికోసమో తీరిగ్గా తెలుసుకుంటుంది. ఒకసారి పాలకని వెళ్ళి ధనుర్వాతం సూది వేయించుకొచ్చింది. ఇంకోసారి కూరగాయలకని వెళ్ళి, ఎవరో పెద్దాయన శవం మీద పూలు పెట్టి వచ్చింది.

"ఎవరమ్మమ్మా ఆయన?"

"ఎవరో. మంచివాడే అయ్యుంటాడు. క్యూ వీధి మలుపు తిరిగింది."

ఇంట్లో ఉన్నది ముగ్గురం. అయినా స్నానాలగదికి వరస ఉండాల్సిందే. పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ వెళ్తే తలుపు ముందు తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉంటుంది. లోపల చూస్తే ఎవరూ ఉండరు.

"వెళ్ళొచ్చుగా?"

"మీ అమ్మ నాకంటే ముందు లేచింది. వంతు దానిది."

అమ్మ బస్సెక్కి పనికి వెళ్ళిపోయి అప్పటికి గంటయి ఉంటుంది.

ఈ విద్య ఆవిడకు ఊరికే అబ్బలేదు. పరాయి దేశానికి పనికొచ్చి, ఆసుపత్రి క్యాంటీనులో ఇరవయ్యారేళ్ళు గిన్నెలు తోమింది. ఇక్కడ పని చేసుకోవచ్చని ఒక కాగితం చెప్పాలి, ఇక్కడ ఉండొచ్చని ఇంకో కాగితం చెప్పాలి. రెండూ ఏడాదికోసారి పొడిగించుకోవాలి, రెంటికీ వేర్వేరు క్యూలు. ఇక్కడి భాషలో ఆవిడకు నలభై మాటలొచ్చు. నలభయ్యూ క్యూ మాటలే: తరవాత, ఫోటో, సంతకం, జిరాక్సు, రేపు రండి. ఆ నలభైతోనే ఏ దేశం మనిషితోనైనా గంటల తరబడి కబుర్లాడుతుంది.

పోగా పోగా ఆవిడకు పదేళ్ళ కార్డిచ్చారు. మూడేళ్ళ కిందట పని కూడా మానేసింది. ఇక ఏ క్యూతోనూ అవసరం లేదు. అప్పట్నుంచీ ప్రతి మంగళవారం పొద్దున ఆరింటికల్లా పర్మిట్ల ఆఫీసు ముందు నిలబడుతోంది. పర్మిట్లు పొడిగించే కౌంటరు వారానికి ఆ ఒక్కరోజే తెరుస్తారు. సంచిలో మూడు పెన్నులు, జిగురు సీసా, ఫోటోలు కత్తిరించడానికి కత్తెర, ఒక మడత స్టూలు. ఆ స్టూలు మీద తను మాత్రం కూర్చోదు.

"మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని కూర్చోవేం అమ్మమ్మా?"

"కూర్చుంటే అది క్యూ ఎలా అవుతుందే? ఆసుపత్రి అవుతుంది."

అమ్మది హోటలు లాండ్రీలో పని, నాది బేకరీలో. అమ్మ ఇంటికొచ్చేసరికి నేనుండను, నేనొచ్చేసరికి అమ్మ పడుకుని ఉంటుంది. నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఎదురింటి తలుపు తెరుచుకుంటే ఒక నవ్వు బయటికొస్తుంది, వెంటనే తలుపు మూసుకుంటుంది. లిఫ్టు చప్పుడైతే అమ్మమ్మ తలెత్తుతుంది. అది మూడో అంతస్తులో ఆగిపోతే తల దించుకుంటుంది. మంగళవారం క్యూ నుంచి వచ్చాక మాత్రం ఆవిడ నోటికి మూత ఉండదు.

"ఇవాళ పంటినొప్పి వచ్చాడే. తాపీపనివాడు, బుగ్గ ఇంత వాచింది. వాడి వెనక ఎర్ర స్వెట్టరు, ముసలాళ్ళకు సేవ చేసే పిల్ల. వాళ్ళమ్మకు కళ్ళజోడు పంపాలట, ఎలా పంపాలో తెలియదట."

"మళ్ళీ వారం వస్తారా వాళ్ళు?"

"పనయినవాడు క్యూలోకెందుకొస్తాడే?"

అమ్మమ్మ స్నేహితులందరూ అలా పనయి వెళ్ళిపోయినవాళ్ళే. ఒక్కో స్నేహం నాలుగు గంటలు. బుధవారం నుంచి సోమవారం దాకా ఆ నాలుగు గంటలనే నెమరేసుకుంటూ కిటికీ దగ్గర నిలబడి ఉంటుంది. అక్కడా కూర్చోదు, తన ముందు ఇంకెవరో ఉన్నట్టు.

ఈ ఏడాది ఆ పదేళ్ళ కార్డుకు గడువు ముంచుకొచ్చింది. నెలాఖరులోగా పొడిగించుకోకపోతే దేశం విడిచి పొమ్మంటారు. పోవడానికి సొంతూళ్ళో ఇల్లు లేదు, మనిషి లేడు. తోబుట్టువులంతా ఎప్పుడో పోయారు. అయినా అమ్మా నేనూ నిశ్చింతగా ఉన్నాం. చేపపిల్లకు ఈత నేర్పాలా?

మొదటి మంగళవారం వెళ్ళొచ్చి, "అవలేదు, మహా రద్దీ" అంది. రెండో మంగళవారం, "కంప్యూటరుకు ఒంట్లో బాగాలేదట." మూడో మంగళవారం, "ఫోటోలో ఎడమ చెవి కనబడలేదన్నారు."

"అందరి ఫోటోలూ కత్తిరించేదానివి, నీ చెవి నీకు కనబడలేదా?" అంది అమ్మ.

"నా చెవి నాకెలా కనబడుతుందే?"

ఇంక మిగిలింది ఒక్క మంగళవారం. అది దాటితే గురువారంతో గడువు సరి.  అమ్మ నన్ను పక్కకు పిలిచి, "నాకు సెలవు దొరకదు. నువ్వెళ్ళు. కౌంటరు ముందు నిలబెట్టేదాకా ఆవిడ చెయ్యి వదలకు" అంది.

వెళ్ళాను. అమ్మమ్మ నాలుగో మనిషి, ఆవిడ పారిపోకుండా వెనకే నేను ఐదో మనిషిని. ఆఫీసు గుమ్మంలో గార్డు టోకెన్లు పంచాడు. రోజుకు అరవయ్యే. నాకేం పనిలేదు, వద్దన్నాను.

"తలకొకటి. తల ఉందిగా" అని నా చేతిలో ఐదో నంబరు పెట్టి వెళ్ళిపోయాడు.

అరవై అవగానే గుమ్మానికి అడ్డంగా గొలుసు కట్టేశాడు. సరిగ్గా అప్పుడే వీధి చివర్నుంచి ఒక వంటవాడు ఏప్రనుతో సహా పరిగెత్తుకొచ్చాడు. ముంజేతుల నిండా పిండి.

"అయిపోయాయి. వచ్చే మంగళవారం రా" అన్నాడు గార్డు.

"వచ్చే మంగళవారానికి నన్ను ఈ దేశంలో ఉండనివ్వరు సార్" అని అతను మెట్టు మీద కూలబడ్డాడు.

అమ్మమ్మ అటు కదిలింది. నేను మణికట్టు పట్టుకున్నాను.

"అమ్మమ్మా, వద్దు."

"నేనేమన్నానే?"

"నువ్వనలేదు. నీ కాళ్ళంటున్నాయి."

గార్డు నన్ను చూసి నవ్వాడు. "నువ్వు ఈవిడ మనవరాలివా? కాస్త నువ్వైనా చెప్పు. మూడేళ్ళుగా వస్తోంది, ఒక్కసారైనా గుమ్మం దాటి లోపలికి వెళ్ళలేదు. గొలుసు కట్టాక వచ్చినవాళ్ళందరి కార్డులూ చూస్తుంది. ఎవరి గడువు అందరికంటే ముందు తీరిపోతోందో వాళ్ళ చేతిలో తన టోకెను పెట్టేసి, సంచి సర్దుకుని ఇంటికి పోతుంది. తారీఖు చూడకుండా మాత్రం ఇవ్వదు, మా ఆఫీసరుకన్నా గట్టి మనిషి."

 ఆ రద్దీ, కంప్యూటరు జబ్బు, ఎడమ చెవి, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. నేనింకా గార్డు వైపు తిరిగి ఉండగానే నా చేతిలో మణికట్టు మాయమైంది. అమ్మమ్మ గొలుసు దగ్గర వంగి, వంటవాడి కార్డు దూరంగా పట్టుకుని తారీఖు చదువుతోంది. చదివి, నాలుగో నంబరు అతని పిండి చేతిలో పెట్టింది.

"చేసేశావా? చేసేశావా నీ పని?" అన్నాను.  "ఎల్లుండి నిన్ను పంపించేస్తే ఎవరి దగ్గరికి పోతావు? అమ్మకు నేనేం చెప్పను?"

"ఎందుకే అలా వణికిపోతావు? నీ చేతిలో ఏముంది?"

"ఐదు."

"దాంతో నీకేమైనా పనుందా?"

"లేదు."

"మరి ఇటివ్వు."

ఇచ్చాను. అంతలో ఎవరో ఒకావిడ పసిపిల్లను ఎత్తుకుని వీధి దాటి ఇటే వస్తోంది. అమ్మమ్మ మెడ అటు తిరగబోయింది. నేను రెండు భుజాలూ పట్టుకుని అమ్మమ్మను గుమ్మంలోంచి లోపలికి తోసేశాను. ఆ వచ్చే ఆవిడ ఆఫీసు దాటి మందులషాపులోకి వెళ్ళిపోయింది.

కౌంటరులో గుమాస్తా అమ్మమ్మను ఎగాదిగా చూశాడు. "కొత్తగా వచ్చారా? మిమ్మల్నెప్పుడూ ఇక్కడ చూడలేదే" అన్నాడు.

"ఏమంటున్నాడే?"

"నువ్వెవరో తెలియదంటున్నాడు."

"నాకు మాత్రం వాడు తెలుసేమిటి?" అని సంచిలోంచి ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. రెండు చెవులూ లక్షణంగా ఉన్నాయి.

ఇంకో పదేళ్ళకు కార్డు పొడిగించారు. బస్సులో నేను ముఖం ముడుచుకుని కూర్చున్నాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, అడక్కుండానే చెప్పింది. మొదటి ఏడాది గొలుసు సరిగ్గా తన ముక్కు ముందు కట్టారట. గడువు దాటిందని దేశం నుంచి పంపించేశారు, మళ్ళీ రావడానికి పదకొండు నెలలు పట్టింది.

"మీ అమ్మను ఇక్కడే మీ తాతయ్య దగ్గర వదిలి పోయాను. తిరిగొచ్చేసరికి అది నన్ను చూసి ఏడుపు. ఎవరో కొత్త మనిషనుకుంది."

మా స్టాపులో దిగాం. అమ్మకు ఫోను చేసి కార్డు సంగతి ఒక్కటే చెప్పాను.

ఇదంతా రాసి నిన్న అమ్మమ్మకు చదివి వినిపించాను. మధ్యలో ఆపలేదు, నవ్వలేదు. చివరిదాకా విని, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ అంది:

"ఎనిమిదితో బడి మానేసినదానివి, కూర్చుని ఇంత రాశావా? ఆ సేపేదో వచ్చి నా వెనక నిలబడి ఉంటే ఇంకొకడికి టోకెను దొరికేది."