గొర్రెకైనా, మనుమరాలికైనా

నా చిన్నప్పుడు అంటే మరీ రాతియుగమేం కాదు. తెలంగాణ వచ్చి రెండేండ్లయింది, నేను ఎనిమిదో తరగతి. మాది మర్రిగూడ దిక్కు ఒక ఊరు. మా తాత గొర్ల కాపరి. బడి మొకం చూడలేదు గాని, ఇంట్ల ఎవరికి పానం బాగలేకున్నా గొర్రెను చూసినట్టే చూసేటోడు. ఆయన లెక్క ఒక్కటే. ముక్కు కారినా నెమరేస్తున్న గొర్రె మందతోని నడవాలె. నెమరు ఆపిందంటే నడిపియ్యొద్దు, మొయ్యాలె.

ఎనిమిది వందల మీటర్ల పరుగుల నేను మండలం ఫస్టు. ఉరికింది నలుగురమే, అది వేరే సంగతి. జిల్లా పోటీలు వారం ఉన్నయనంగ జలుబు చేసింది. ఇయ్యాల ఉరకనని దుప్పటి కప్పుకున్న. తాత రెండు జొన్నరొట్టెలు, గుడ్డుకూర ముందట పెట్టిండు. రెండూ తిని మూడోదానికి చెయ్యి చాపిన. "నెమరు మంచిగనే ఉంది, లే" అని కట్టె పట్టుకొని గ్రౌండుదాక తోలిండు. రెండు చుట్లు కొట్టినంక ముక్కు తెరుసుకుంది. ఆ సంగతి తాతకు చెప్పలేదు.

పోటీల పొద్దుగాల కథ మారింది. ఒళ్లు కాలుతాంది, కీళ్లన్నీ నొప్పులు. నల్లగొండల మైకుల నా పేరు వినాలని నెల రోజుల సంది కలలు కంటున్న, అందుకే ఎవరికీ చెప్పకుండ బూట్లు కట్టుకున్న. తాత మళ్ల రొట్టె పెట్టిండు, ఈసారి మటన్ కూరతోని. ఒక్క ముద్దను నోట్లె అటు ఇటు తిప్పిన, మింగబడలే. తాత నా చెవి ముట్టి చూసి, కిందికి వంగి బూట్లు ఇప్పిండు.

"ఉరికితే చెమటకు జ్వరం దిగుతది తాతా! సచ్చినా సరే ఉరుకుత!"

"సచ్చినోళ్లకు కప్పు ఇయ్యరు బిడ్డా" అన్నడు.

ఆటో కోసం ఆగకుండ నన్ను వీపు మీదికెత్తుకొని రెండు కిలోమీటర్ల అవతలున్న దవాఖానకు నడిచిండు. పోటీలకు పోయే జీపు ఎదురొస్తే సిగ్గుతోని మొకం ఆయన తువ్వాలల దాచుకున్న. ఊరంతా కండ్లనీళ్లు పెట్టుకున్నదని రాద్దామనుకున్న గాని, ఆ పొద్దు ఊరంతా పత్తి చేన్లల్ల ఉంది. ఒక్క కుక్క కొంతదూరం వెంట వచ్చింది.

డాక్టరమ్మ జ్వరం చూసి, ఈ ఒంటితోని ఉరికుంటే గ్రౌండులనే పడిపోయేదన్నది. ఎట్ల తెలిసిందని తాతను అడిగింది. "తింటలేదు గద" అన్నడు, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

నా జాగల వేరే పిల్ల పోయి జిల్లాల మూడో ప్లేసుల వచ్చింది. ఆమెతోని నెల రోజులు మాట్లాడలే. జ్వరం పది రోజులకే పోయింది.

ఇప్పుడు షాద్‌నగర్‌ల నౌకరి, రోజూ పొద్దుగాల పరుగు. జలుబైతే మెల్లగ ఉరుకుత, జ్వరమొస్తే బూట్లు ముట్ట. అట్ల పండుకున్నప్పుడు రూములోళ్లు "గింతకేనా?" అని నవ్వితే, మా తాత నన్ను మోసిన సంగతి కాలర్ ఎగరేసి చెప్త. దారిల ఆయన నన్ను ఒక్కసారి కూడా కిందికి దించలే. తర్వాత నాలుగు రోజులు నడుము పట్టుకొని తిరిగిండు. ఏమైందని అమ్మ అడిగితే, గొర్రె తన్నిందన్నడు.