పురాణంలో తొమ్మిదో శవం

మా కార్వేటినగరంలో రెండు పెద్ద పతనాలు జరిగినాయి. ఒకటి రాజులది. దానికీ నాకూ ఏ సంబంధమూ లేదు, నేను పుట్టకముందే అంతా అయిపోయింది. రెండోది నాది. రాజుల పతనానికి గుర్తుగా పాత ప్యాలెస్ మిగిలింది. నా పతనానికి గుర్తుగా, ఇప్పటికీ ఆ ఊరికి పోతే ముసలమ్మలు నన్ను చూసి కొంగు నోట్లో కుక్కుకుంటారు. మీరూ నవ్వుకోండి, నాకేం! నా సిగ్గు ఆ పొద్దే నడి మంటపంలో పోయింది.

ఎనిమిదో తరగతి పరీక్షలు అయిపోయిన ఎండాకాలం అది. కుందేలు సింహాన్ని బావిలో దూకించే కథలు చదివి చదివి నాకు విసుగొచ్చింది. బస్టాండు కాడ సోడా అంగడాయన డిటెక్టివ్ నవలలు అద్దెకిస్తా ఉన్నాడు. ఒకటి చదివినాను. అంతే, పిల్లికి పాలు మరిగినట్టు మరిగినాను. కోడి గుడ్లు తినే కుక్కను కూడా అంత తిట్టరు గానీ, మా నాయన నవలలు చదివేవాళ్లను తిట్టేవాడు. జవుళి అంగడి పెట్టుకున్న మనిషి, గుడి కమిటీలో పెద్ద.

"ఆ చెత్త బుక్కు ఇంట్లో కనబడిందా, వేణ్ణీళ్ళ పొయ్యిలో పెడతా!" అని ఒకసారి చెప్పినాడు. మా నాయన ఏదీ రెండోసారి చెప్పడు.

అప్పుడే మా అవ్వకు, అంటే నాయన వాళ్ళమ్మకు, కంటి ఆపరేషన్ అయింది. కండ్లకు పని చెప్పకూడదు అన్నాడు డాక్టరు. రోజూ పురాణం చదువుకోకుంటే అవ్వకు అన్నం సయించదు. నాయన నన్ను పిలిచి, "వసంతా, సెలవులే గదా, మధ్యాన్నం వీధి తిన్నె మీద కూర్చోని అవ్వకు పురాణం చదివి వినిపించు" అన్నాడు. దొంగ చేతికి తాళంచెవి ఇవ్వడమంటే ఇదే. ఆ పురాణం మామూలు పుస్తకమా? తెరిస్తే దూడపిల్లను దాచేయొచ్చు. పాకెట్ నవల ఒక లెక్కా!

మొదట్లో నోటితో పురాణం, కంటితో నవల చదవాలనుకున్నాను. తానొకటి తలిస్తే నోరొకటి చదివిందంట. మూడో రోజే నోరు జారింది.

"స్వామి రథమెక్కగానే సారథి గేరు మార్చి..."

"ఏం మార్చినాడు?" అనింది అవ్వ.

"దారి, అవ్వా. దారి మార్చినాడు."

అవ్వ "ఊఁ" అనింది. నా గుండె గొంతులోంచి మళ్ళా కిందికి దిగింది. దిగి ఊరుకుందా? 'ఇంత సులభమా!' అని నాకొక పాడు ధైర్యం ఇచ్చింది. మరుసటి రోజు నుంచి పురాణం మాట పక్కన పెట్టి, దాని మధ్యలో దాచిన నవలనే పైకి చదివేదానికి మొదలుపెట్టినాను. డిటెక్టివ్‌కు గూఢాక్ష మహర్షి అని పేరు పెట్టినాను. కారు దివ్యరథం, పిస్తోలు ఆగ్నేయాస్త్రం, టెలిఫోను అశరీరవాణి. తాళం వేసిన గదిలో చచ్చిపడిన షావుకారు ధనగుప్తుడు అనే యక్షుడైనాడు. నా తెలివికి నేనే ముగ్ధురాలినైపోయినాను. ఆ వయసులో నన్ను మెచ్చుకునేదానికి నాకన్నా తగినవాళ్ళు ఊళ్ళో ఎవురున్నారు చెప్పండి?

అవ్వ గోడకు ఆనుకోని కండ్లు మూసుకోని వింటా ఉండింది. చదివేది ఆపితే, "మళ్ళా ఏమైంది?" అనేది. పక్కింటి రుక్కమ్మత్త చేటలో బియ్యం ఏరుకుంటా ఒక రోజు వచ్చి కూర్చునింది. ఆ పొద్దు ఆమె రాళ్ళను గిన్నెలో వేసుకోని బియ్యాన్ని పారబోసింది. మరుసటి రోజు ఇంకో ఇద్దరిని పిలుచుకోనొచ్చింది. వారం తిరిగేసరికి జనానికి తిన్నె చాలలేదు. ఉడకబెట్టిన సెనక్కాయలు, మురుకులు నా ముందరకొచ్చినాయి. నేనేమో సరిగ్గా ఆగ్నేయాస్త్రం పేలేచోట పుస్తకం మూసి, "తక్కింది రేపు" అంటా ఉన్నాను.

ఇట్లా ఎనిమిది శవాలు లేచి, తొమ్మిదో శవం కాడ కథ ఉండగా, మా నాయన తిరుపతి నుంచి ఒక పెద్ద పంతులుగారిని పిలిపించినాడు. గుడి మంటపంలో ఏడు రోజులు, సాయంత్రం పూట పురాణం. మొదటి రోజే మంటపం నిండింది. అవ్వ మాత్రం, కంట్లో దుమ్ము పడుతుందని, ఇంట్లోనే ఉండిపోయింది. పంతులుగారు శ్లోకం చదివి, అర్థం చెప్పి, "ఎవరికైనా సందేహాలుంటే అడగండమ్మా" అన్నారు.

రుక్కమ్మత్త లేచింది. నేను స్తంభం వెనక్కి జరిగినాను.

"సామీ, ధనగుప్తుణ్ణి సంపినోడు ఎవురు?"

"ఎవరు తల్లీ ఆ ధనగుప్తుడు?"

"అదే సామీ, తాళమేసిన గదిలో సచ్చిపడినాడే! గూఢాక్ష మహర్షి ఆడ సుట్ట ముక్క ఏరి జేబులో ఏసుకున్నాడు గదా!"

"మహర్షికి జేబా?" పంతులుగారి కండువా జారిపోయింది. "అమ్మా, అట్లాంటి ఋషి ఏ పురాణంలోనూ లేడే!"

వెనకనుంచి ఇంకొకామె అందుకునింది. "ఏం పంతులప్పా ఈయన! తిరుపతి నుంచి వచ్చినాడంట, గూఢాక్షుడే తెలీదంట! మా వసంత పాపను అడగండి, గడగడా చెప్తుంది."

అందరూ నాపక్క తిరిగినారు. మా నాయనైతే ఉబ్బిపోయినాడు. "మా ఇంట్లో పాతకాలం ప్రతి ఉండాది సామీ. మీ పుస్తకాల్లో లేని ఘట్టం అందులో ఉండాదేమో. ఒక్క నిమిషం!"

"నాయనా, వద్దు నాయనా..." అంటానే ఉన్నాను. ఆయన పంచె ఎగ్గట్టి పోయి, పురాణాన్ని నెత్తిన పెట్టుకోని వచ్చి, వినయంగా పంతులుగారి చేతిలో పెట్టినాడు. పంతులుగారు కండ్లకద్దుకోని తెరిచినారు. నవల జారి ఆయన ఒళ్ళో పడింది. అట్ట మీద ఎర్ర చీర కట్టిన ఆడమనిషి, చేతిలో పిస్తోలు.

పంతులుగారు అలవాటు కొద్దీ రాగం తీస్తానే చదివినారు: "తా...ళం వేసిన గది...లో తొమ్మిదో శవం!"

మంటపంలో చీమ చిటుక్కుమంటే వినపడేది. చీమలకు కూడా ధైర్యం చాలలేదు. రుక్కమ్మత్త ఒక్కతే, "అదే సామీ, ఆ గదే!" అనింది.

ఇంటికి పోయినాక నా వీపు కథ చెప్పను, మీరే ఊహించుకోండి. నాయన మాటిచ్చినట్టే నవల వేణ్ణీళ్ళ పొయ్యిలోకి పోయింది.

"నీకైనా తెలీలేదా అమ్మా?" అని నాయన అవ్వ మీద ఎగిరినాడు.

"కండ్లు కనబడనిదాన్ని, నాకేం తెలుస్తుంది నాయనా?" అనింది అవ్వ దీనంగా.

మరుసటి రోజు నాయన అంగడికి పోయినాక అవ్వ నా చెవి పట్టుకోని దగ్గరికి లాక్కునింది.

"ఏమ్మే, మా నాయన నలభై ఏండ్లు పురాణం చెప్పినోడు. యాడన్నా ఋషి వేలిముద్రలు చూస్తాడా? మూడో పొద్దు సారథి గేరు మార్చినప్పుడే తెలుసు నాకు."

నేనేమో, పదిమందిని మోసం చేస్తా ఉండాను అనుకున్న మహామేధావిని! "మరి... ఎందుకు ఊరుకున్నావు అవ్వా?"

"అడ్డం పడితే నువ్వు ఆపేస్తావని. మీ నాయన, ఆ ఎదవ, నేను కడాకు వినకముందే బుక్కు కాల్చేసినాడు. సరే, ఎవురికీ చెప్పను గానీ, సంపినోడు ఎవురో చెప్పు."

"తెలీదవ్వా. కడాకు ఇంకా రాలేదు."

నాయన వీపు మీద కొట్టిన దెబ్బలన్నీ ఒక ఎత్తు, అప్పుడు అవ్వ నెత్తిన మొట్టిన మొట్టికాయ ఒక ఎత్తు.

ఆ పొద్దు దేవుడి పటం ముందర కర్పూరం వెలిగించి, చెంపలేసుకోని, నిండు మనసుతో ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ, ఎంత ఆశ పుట్టినా, ఎవురు బతిమాలినా సరే, కడపటి పేజీ ముందే చదువుకోకుండా పెద్దవాళ్ళను మోసం చెయ్యను.